కిడ్నీ తీసే ఆపరేషన్: పెద్ద కోతా? చిన్న రంధ్రాలా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. పెన్షను దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆనాడు సుప్రీంకోర్టు చెప్పింది. ఏటా ఈ సభలో మనం డి.ఆర్. గురించి, బకాయిల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసి 2008లో రిటైరైన వాణ్ణి. అయితే మా కుటుంబంలో కిడ్నీ తీసే ఆపరేషన్లు రెండు జరిగాయి. ఒకటి మా అన్నయ్యకు 1986లో, పెద్ద కోత పెట్టి. రెండోది నా శ్రీమతికి 2017లో, చిన్న రంధ్రాలు చేసి. రెండుసార్లూ ఆసుపత్రిలో దగ్గర ఉన్నది నేనే. అప్పుడు చూసినది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, తర్వాత చదివినది కలిపి మీ ముందు పెడుతున్నాను. వైద్యం విషయంలో తుది మాట మాత్రం మీ డాక్టరుదే.

మన సభ్యుల్లో కొందరు నన్ను తరచు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "కోత ఆపరేషన్ అన్నారండీ, రంధ్రాల ఆపరేషన్ చేసే చోటికి పోవాలా?" అని. ఈ ప్రశ్న అడగవలసిందే. కానీ ఇది మొదట అడగవలసిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మనిషికి రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలి కంటే కాస్త పెద్దగా, వీపు వైపు చివరి పక్కటెముకల చాటున ఉంటుంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఈ రెండింటి గుండానే పోతుంది. కిడ్నీ ఆపరేషన్ అంటే సర్జన్లు అంత జాగ్రత్త పడేది అందుకే. అక్కడి రక్తనాళం జారితే నిమిషాల్లో ప్రాణం మీదకు వస్తుంది.

కిడ్నీని తీసివేయవలసి రావడానికి ముఖ్యమైన కారణాలు నాలుగు. మొదటిది, రాయి అడ్డుపడి గానీ, మూత్రనాళం మూసుకుపోయి గానీ ఆ కిడ్నీ పూర్తిగా చెడిపోవడం. రెండోది, చీము పట్టడం, లేదా క్షయవ్యాధి సోకి పాడైపోవడం. మూడోది క్యాన్సర్ గడ్డ. నాలుగోది, ఆరోగ్యంగా ఉన్న మనిషి తన వారికి దానం చేయడం.

మన ప్రాంతంలో మొదటి కారణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎడమ కాలువ ఆయకట్టులో ఎండన పడి పనిచేసే మనుషులం. తాగే నీళ్ళు తక్కువ, కారే చెమట ఎక్కువ. రాయి తయారవడానికి అంతకంటే ఏం కావాలి? రాయి మూత్రనాళంలో దిగినప్పుడు ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. పసరు తాగుతాం, సూది వేయించుకుంటాం, నొప్పి తగ్గుతుంది. రాయి పోయిందనుకుంటాం. రాయి అక్కడే ఉండి కూడా నొప్పి తగ్గవచ్చు. మూత్రం పోయే దారి లేక వెనుక కిడ్నీ ఉబ్బి, నెలల తరబడి చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. కాబట్టి నొప్పి తగ్గిన తర్వాత కూడా ఒకసారి స్కానింగ్ చేయించుకుని రాయి పోయిందని రూఢి చేసుకోవాలి. ఈ ఒక్క పని చేస్తే, నేను తర్వాత చెప్పబోయే ఆపరేషన్లలో కొన్ని అసలు అవసరమే పడవు.

ఒక కిడ్నీ తీసేస్తే మనిషి బతుకుతాడా అన్న సందేహం ఒకప్పుడు డాక్టర్లకే ఉండేది. 1869 ఆగస్టు 2న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే సర్జన్, ముందే ఆలోచించి నిర్ణయించుకుని ఒక స్త్రీ కిడ్నీ తీశాడు. అంతకు ముందు జరిగిన మరో ఆపరేషన్‌లో ఆమె మూత్రనాళం దెబ్బతిని, మూత్రం ఎడతెగకుండా కారుతూ ఉండేది. సైమన్ ముందుగా కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఒక్క కిడ్నీతో ప్రాణి బతకగలదని తేల్చుకున్న తర్వాతనే ఆమె మీద చేయి వేశాడు. ఆమె కోలుకుంది. రెండో కిడ్నీ బాగుంటే ఒక్కదానితో జీవితం గడుస్తుందని అప్పుడు రుజువైంది.

ఇక పాత పద్ధతి సంగతి. మా అన్నయ్య వ్యవసాయదారుడు. 1986లో ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. కుడి కిడ్నీ నిండా కొమ్ములు కొమ్ములుగా రాయి పెరిగి, చీము పట్టింది. రంగు మందు ఎక్కించి ఎక్స్‌రేలు తీస్తే కుడి వైపు రంగు రానే లేదు. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చివరి పక్కటెముక దగ్గర మొదలుపెట్టి బొడ్డు వైపు దాదాపు జానెడు కోత పెట్టారు. కండరాలు ఒక్కొక్క పొరా కోసుకుంటూ పోయి, పక్కటెముక కొస కొద్దిగా తీసి, లోపలికి చేయి పోనిచ్చి, రక్తనాళాలను దారంతో ముడివేసి కిడ్నీని బయటకు తీశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. కష్టమంతా తర్వాతనే. దగ్గు వస్తే కుట్లు పట్టుకుని ఏడ్చేవాడు. ఊపిరి గట్టిగా పీల్చడానికి భయపడేవాడు. పీల్చకపోతే ఊపిరితిత్తులకు నెమ్ము చేస్తుందని నర్సమ్మ గదమాయించి పీల్పించేది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. మూడు నెలలు నాగలి ముట్టలేదు. ఆ వైపు పొట్ట కొంచెం ఉబ్బుగా ఉండిపోయింది. కోత దారిలో ఉండే నరాలు దెబ్బతింటే కండరం సడలి అలా అవుతుందట. "ఏం గాదు తమ్ముడా, కడుపుల ఉన్న దయ్యం పోయింది, చాలు" అనేవాడు. ఆ ఒక్క కిడ్నీతో ఆయన ఇరవై తొమ్మిదేళ్ళు బతికాడు. 2015లో కాలం చేశాడు. అది కిడ్నీ జబ్బుతో కాదు. పాత పద్ధతి అనగానే ముఖం చిట్లించే వారికి ఈ మాట ముందుగా చెప్పాలని నా కోరిక.

అన్నయ్య ఆపరేషన్ జరిగిన నాలుగేళ్ళకు, 1990 జూన్‌లో, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో డాక్టర్ రాల్ఫ్ క్లేమన్ బృందం మొదటిసారిగా రంధ్రాల ద్వారా కిడ్నీ తీసింది. రోగి ఎనభై అయిదేళ్ళ వృద్ధురాలు. లోపలే కిడ్నీని ఒక సంచిలో వేసి, ముక్కలు చేసి, ఆ చిన్న రంధ్రం గుండానే బయటకు తీశారు. ఆరు గంటల పైనే పట్టింది. దీన్నే లాప్రోస్కోపీ పద్ధతి అంటున్నాం. మన దేశం వారి పాలు కూడా ఇందులో ఉంది. కిడ్నీ పొట్ట సంచికి వెనుక ఉంటుంది కనుక, వెనుక నుండే నేరుగా చేరుకోవచ్చునని బొంబాయి సర్జన్ డాక్టర్ డి.డి. గౌర్ 1992లో ఒక ఉపాయం ప్రకటించారు. సర్జన్లు తొడుక్కునే రబ్బరు తొడుగును రబ్బరు గొట్టానికి కట్టి, లోపల బుడగలాగా ఊది, పనికి చోటు చేశారు. ఖరీదైన పరికరం ఏమీ లేదు. ప్రపంచమంతా ఆ మార్గాన్ని స్వీకరించింది.

నా శ్రీమతికి 2017లో అరవై రెండేళ్ళు. ఎడమ మూత్రనాళంలో రాయి ఎప్పుడు చేరిందో తెలియదు. నొప్పి రాలేదు. నడుము బరువుగా ఉందని స్కానింగ్ తీస్తే కిడ్నీ నీటి తిత్తిలాగా ఉంది. రాయి తీస్తే కిడ్నీ బాగుపడుతుందేమో అన్న ఆశతో ఒక్కొక్క కిడ్నీ ఎంత పనిచేస్తున్నదో చెప్పే ఐసోటోపు స్కాన్ చేయించారు. మొత్తం పనిలో ఎడమదాని వాటా ఎనిమిది శాతం. పది శాతానికి లోపు ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టడం వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదని, చీము పట్టే ప్రమాదం మాత్రం ఉంటుందని చెప్పారు. కుడిది బాగా పనిచేస్తున్నదని తేలిన తర్వాతనే తీయడానికి నిర్ణయించారు.

ఆమెకు పొట్ట మీద మూడు రంధ్రాలు చేశారు. ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుండి సెంటీమీటరు పైచిలుకు. ఒక రంధ్రం గుండా కెమెరా, మిగిలిన వాటి గుండా పొడవాటి పనిముట్లు. సర్జన్ టీవీ తెర చూస్తూ పనిచేస్తాడు. లోపల చోటు కావాలి కనుక పొట్టను బొగ్గుపులుసు వాయువుతో ఉబ్బిస్తారు. అది మండదు, రక్తంలో కరిగి ఊపిరి ద్వారా బయటకు పోతుంది. పీడనం మన బీపీ లెక్కలో చెప్పాలంటే 12 నుండి 15. ఈ వాయువు గుండె మీద, ఊపిరితిత్తుల మీద కొంత భారం వేస్తుంది. అందుకే ఆమెకు ముందుగా గుండె ఎకో, ఊపిరి పరీక్ష చేయించారు. చివరికి పొత్తికడుపు దగ్గర నాలుగు వేళ్ళ కోత పెట్టి కిడ్నీని సంచిలో బయటకు తీశారు. పేరు రంధ్రాల ఆపరేషన్ అయినా, కిడ్నీని ముక్కలు చేయకుండా తీయాలంటే ఈ చిన్న కోత తప్పదు.

మర్నాడు ఉదయం లేచి నడిచింది. కోత కంటే భుజం నొప్పి ఎక్కువగా ఉందని ఆశ్చర్యపోయింది. లోపల మిగిలిన వాయువు పొట్టకు పైనున్న పొరను ఒరుసుకున్నందువల్ల అలా వస్తుందని, రెండు మూడు రోజుల్లో పోతుందని చెప్పారు. అలాగే పోయింది. నాలుగో రోజు ఇంటికి వచ్చాం. రెండు వారాలకు వంట గదిలోకి వెళ్ళింది. నీళ్ళ బిందె మాత్రం ఆరు వారాలు ఎత్తవద్దన్నారు. ఆమె వినకపోతే బిందె నేనే దాచిపెట్టాను.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నొప్పి, రక్తం పోవడం, ఆసుపత్రిలో ఉండే రోజులు, పనిలోకి తిరిగి వెళ్ళే గడువు, ఈ నాలుగింటిలోనూ రంధ్రాల పద్ధతిదే పైచేయి. మన వయసు వారికి ఇది చిన్న విషయం కాదు. మంచాన పడి ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, నెమ్ము చేయడం వంటివి వస్తాయి. త్వరగా లేచి నడిస్తే ఆ భయం తగ్గుతుంది. ఖర్చు విషయంలో, థియేటరు బిల్లు రంధ్రాల పద్ధతిలో ఎక్కువగానే ఉంటుంది. పరికరాలు, క్లిప్పులు ఖరీదు. రోజులు తగ్గడం వల్ల కొంత కలిసి వస్తుంది. రోబో సహాయంతో చేసేది కూడా రంధ్రాల పద్ధతే. కిడ్నీలో గడ్డను మాత్రమే తీసి మిగిలినది కుట్టవలసినప్పుడు రోబో బాగా అక్కరకు వస్తుంది. కిడ్నీ మొత్తం తీసేయడానికే అయితే ఖర్చు పెరిగినంతగా లాభం పెరగదు.

అయితే లోపల జరిగే పని రెండింటిలోనూ ఒకటే. అవే రక్తనాళాలు మూయాలి, అదే మూత్రనాళం కోయాలి, పక్కనున్న పేగుకు, ప్లీహానికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. క్యాన్సర్ గడ్డ కిడ్నీ దాటకుండా ఉన్నప్పుడు, రెండు పద్ధతుల్లోనూ రోగులు బతికే కాలంలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనల్లో తేలింది. రంధ్రాలు చిన్నవి కాబట్టి ఆపరేషన్ కూడా చిన్నదే అనుకోకూడదు.

కొన్ని సందర్భాలలో పెద్ద కోతే మేలు. గడ్డ చాలా పెద్దదైనప్పుడు, అది పెద్ద రక్తనాళంలోకి పాకినప్పుడు, చీము పట్టి కిడ్నీ చుట్టుపక్కల వాటికి అంటుకుపోయినప్పుడు, ప్రమాదంలో కిడ్నీ పగిలి రక్తం ధారగా పోతున్నప్పుడు సర్జన్‌కు చేయి పెట్టే చోటు కావాలి.

మనలో ఒకరి అనుభవం వారి అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. ఆయనకు కిడ్నీలో చీము. మొదట చూసిన డాక్టరు కోత పెట్టాలన్నారు. ఈ కాలంలో కోత ఏమిటని పిల్లలు ఒప్పుకోలేదు. నాలుగు నెలలు మూడు ఆసుపత్రులు తిరిగారు. జ్వరాలతో ఆయన బరువు తగ్గి సగమయ్యారు. మూడో చోట, రంధ్రాలతో ప్రయత్నిస్తాం, వీలు కాకపోతే కోత పెడతాం అన్నారు. మొదలుపెట్టిన గంటకు కోత పెట్టవలసి వచ్చింది. బయట ఉన్న పిల్లలు డాక్టరుకు చేత కాలేదని నర్సు మీద కేకలు వేశారు. నేనూ అక్కడే ఉన్నాను. పెద్ద డాక్టరు బయటకు వచ్చి శాంతంగా ఒక మాట అన్నారు: "పేగు అంటుకుని ఉంది బాబూ. కనిపించకుండా కోస్తే మీ నాన్నగారికి రెండో ఆపరేషన్ పడేది." మధ్యలో కోతకు మారడం వైఫల్యం కాదు. మారవలసిన చోట మారకపోవడమే ప్రమాదం. ఆ పెద్దమనిషి ఈ రోజు మన సభలో రెండో వరుసలో కూర్చుని నవ్వుతున్నారు.

ఇక్కడే అంగీకార పత్రం సంగతి వస్తుంది. మనం ఉద్యోగంలో ఉండగా నోట్ చదవకుండా ఫైలు మీద ఇనీషియల్ కూడా వేసేవాళ్ళం కాదు. ఆసుపత్రిలో మాత్రం గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసేస్తాం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు మరొక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఢిల్లీలో ఒక మహిళ లాప్రోస్కోపీ పరీక్షకు అంగీకరించింది. ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి చేత సంతకం చేయించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం అవయవం తీయడానికి అంగీకారం కాదని, స్పృహలో ఉండి నిర్ణయించుకోగల పెద్దవారి తరఫున ఇతరుల సంతకం చెల్లదని, ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రమే మినహాయింపు అని కోర్టు తేల్చింది. పెన్షను మన హక్కు అయినట్టే, మన ఒంటికి ఏం చేయబోతున్నారో ముందుగా తెలుసుకోవడం కూడా మన హక్కు. రంధ్రాల ఆపరేషన్‌కు సంతకం చేసేటప్పుడు, అవసరమైతే కోతకు మారతారన్న వాక్యం ఉందో లేదో చూడండి. ఏ పరిస్థితుల్లో మారతారో అడగండి. అర్థమైన తర్వాత సంతకం చేయండి. బిడ్డలకు కూడా ముందే చెప్పి ఉంచండి, బయట కేకలు వేయకుండా ఉంటారు.

కాబట్టి డాక్టరు దగ్గర మీరు అడగవలసిన ప్రశ్నలు ఈ వరుసలో ఉండాలి. ఒకటి, కిడ్నీ తీయడం తప్పదా? రాయి తీస్తే, స్టెంటు వేస్తే బాగుపడే అవకాశం ఉందా? గడ్డ నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే, వీలైనంత వరకు గడ్డను మాత్రమే తీసి కిడ్నీని నిలుపుతారు. అది మన విషయంలో కుదురుతుందా? రెండు, రెండో కిడ్నీ ఎంత పనిచేస్తున్నది? మూడు, నా గుండె, ఊపిరితిత్తులు, షుగరు, రక్తం పలుచబడడానికి వాడుతున్న మాత్రలు, వీటితో ఏ పద్ధతి క్షేమం? ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుకు చెప్పి ఆపాలి. నాలుగు, ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు? ఇది అడగడానికి మొహమాటపడవద్దు. మంచి సర్జన్ నొచ్చుకోడు. కోత పొడవు ప్రశ్న వీటన్నిటి తర్వాత అయిదోది.

దానం గురించి ఒక్క మాట. 1995లో అమెరికాలోని బాల్టిమోర్‌లో డాక్టర్ రాట్నర్, డాక్టర్ కవూసీ దాత కిడ్నీని మొదటిసారి రంధ్రాల ద్వారా తీశారు. ఏ జబ్బూ లేని మనిషి, కేవలం ప్రేమ కొద్దీ ఆపరేషన్ బల్ల ఎక్కుతాడు. ఆయనకు నొప్పి, మచ్చ తగ్గించడం వైద్యులు చెల్లించవలసిన ఋణం. మన దేశంలో 1994 నాటి చట్టం కిడ్నీ అమ్మకాన్ని నేరం చేసింది. దానం చేయవచ్చు, బేరం చేయరాదు.

ఒక్క కిడ్నీతో ఉన్నవారు మందుల షాపులో నొప్పి మాత్రలు సొంతంగా కొని వాడరాదు. మోకాళ్ళ నొప్పులకు మనం వేసుకునే డైక్లోఫెనాక్ వంటివి ఉన్న ఒక్కదాన్నీ దెబ్బతీయగలవు. రాళ్ళు కరిగిస్తాయని చెప్పే పేరులేని పసర్లు, భస్మాలు కూడా వద్దు. బీపీ, షుగరు అదుపులో ఉండాలి. ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా "నాకు ఒకటే కిడ్నీ" అని మొదటే చెప్పాలి.

గుమాస్తాను కనుక చివరికి కాగితాల దగ్గరకే వస్తాను. డిశ్చార్జి సమ్మరీ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్, అసలు బిల్లులు ఆసుపత్రి వదిలే ముందే తీసుకోండి. అత్యవసరంగా చేరితే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కూడా. ప్రతిదానికీ రెండు జిరాక్సులు ఉంచుకోండి. రీయింబర్స్‌మెంటుకు ఆలస్యం చేయకుండా అపెండిక్స్-2 దరఖాస్తుతో పంపండి. రాయడం రాని వారు, ముఖ్యంగా కుటుంబ పెన్షనర్లు, సంఘం కార్యాలయానికి వస్తే నేను కూర్చుని రాసిపెడతాను. దస్తూరి ఇంకా బాగానే ఉంది.

భోజనాలకు ముందు అందరూ ఒక్కొక్క గ్లాసు నీళ్ళు తాగండి. నీళ్ళు తక్కువ తాగమని డాక్టరు చెప్పిన గుండె జబ్బు వారు మాత్రం వారి లెక్క ప్రకారమే తాగండి. సెలవు.